గుమాస్తా అంటే ఎవరు? ఖారీ బావ్‌లీ బహీల నుంచి జీఎస్టీ దాకా

గుమాస్తా అన్న మాట మీరు మొదట ఎక్కడ చదివారు? మనలాంటి వాళ్లలో ఎక్కువమంది చెప్పే జవాబు ఎన్సీఈఆర్టీ. 1753లో ఈస్టిండియా కంపెనీ బెంగాల్‌లో దాద్నీ వర్తకుల్ని పక్కన పెట్టి, జీతమిచ్చి సొంత మనుషుల్ని పెట్టుకుంది. నేతగాళ్లకు అడ్వాన్సులిచ్చి, బట్ట ఇంకెవరికీ అమ్మకుండా కాపలా కాసి, ఆలస్యమైతే కొట్టించిన ఆ మనుషులే గుమాస్తాలు. నోట్సులో "గుమాస్తా అంటే కంపెనీ ఏజెంటు" అని ఒక లైను రాసుకుని ముందుకు పోతాం. నేనూ అలాగే పోయాను.

కానీ మన ఊళ్లలో ఆ మాటకు అర్థం వేరు కదా. బియ్యం మిల్లులోనో, హోల్‌సేల్ కిరాణా కొట్లోనో చెవిలో పెన్ను పెట్టుకుని చిట్టా రాసే పెద్దాయన మనకు గుమాస్తా. యజమాని ఊళ్లో లేకపోయినా కొట్టు నడుస్తుంది. గుమాస్తా రెండు రోజులు పెళ్లికి పోతే మాత్రం ఎవరి బాకీ ఎంతో చెప్పేవాడుండడు. ఒకే పారసీ మాట. ఒక దారిలో కంపెనీ ఏజెంటు అయింది, ఇంకో దారిలో లెక్కలు రాసే మనిషి అయింది. మొదటివాడికి పాఠ్యపుస్తకంలో పేరా దొరికింది. రెండోవాడికి ఏమీ దొరకలేదు. ఈ వ్యాసం ఆ రెండోవాడి గురించి.

ఢిల్లీలో ఉంటే ఆయన్ని చూడ్డానికి ఆర్కైవ్స్‌కు వెళ్లక్కర్లేదు. చాందినీ చౌక్ మెట్రోలో దిగి ఫతేపురీ మసీదు దాకా నడవండి. అక్కడి నుంచి లాహోరీ గేటు వైపు పోయే రోడ్డే ఖారీ బావ్‌లీ. మిరపకాయల ఘాటుకు తుమ్ములు ఆగవు, జేబురుమాలు తీసుకెళ్లండి. లోపలి గల్లీల్లోని కొన్ని పాత కొట్లలో ఇప్పటికీ కుర్చీలుండవు, గద్దీ ఉంటుంది: తెల్లదుప్పటి పరిచిన పరుపు, ఆనుకోవడానికి బాలీసు, ముందు ఒక చిన్న వాలుబల్ల. ఆ బల్ల వెనక కూర్చునే మనిషిని ఇక్కడ మునీమ్ అంటారు. కంప్యూటరు పక్కకు చేరింది కానీ చోటు మారలేదు.

మునీమ్ రాసే పుస్తకం పేరు బహీ. ఎర్రబట్ట అట్ట, పొడవాటి కాగితాలు, దారంతో కుట్టు. కాగితం మీద గీతలుండవు. మడతలే నిలువు గడులు. దీన్ని మీరు టీవీలో చూసే ఉంటారు. 2019 జూలై 5న నిర్మలా సీతారామన్ బడ్జెట్‌ను తోలు బ్రీఫ్‌కేసులో కాకుండా ఎర్రబట్టలో చుట్టి తెచ్చినప్పుడు అందరూ బహీ ఖాతా అన్నది ఈ సంప్రదాయాన్ని చూసే. ప్రిలిమ్స్‌కు అంతవరకే పనికొస్తుంది. లోపల ఏముంటుందో ఎవరూ చెప్పరు.

లోపల ప్రధానంగా మూడు రకాల రాతలు. రోజూ వచ్చిన నగదు, పోయిన నగదు రోకడ్ బహీలోకి. అప్పు మీద జరిగిన కొనుగోళ్లు, అమ్మకాలు నకల్ బహీలోకి. ఆ రెండింటి నుంచీ ఏరి, మనిషి మనిషికీ విడివిడిగా ఎక్కించేది ఖాతా బహీ. మన చిట్టా, ఆవర్జా ఇవే. "చిట్టా ఆవర్జాలు తిరగేశాడు" అని మనం అలవాటుగా అనే మాటలో చిట్టా అంటే రోజువారీ రాత, ఆవర్జా అంటే పేరు వారీగా విడగొట్టిన లెక్క. ఖాతా బహీలో జమ ఎడమవైపు, నామ కుడివైపు ఉంటాయి. ఇంగ్లీషు లెడ్జరులో డెబిట్ ఎడమ, క్రెడిట్ కుడి. అంటే సరిగ్గా తిరగేసి. కామర్స్ ఆప్షనల్ మిత్రులు మొదటిసారి బహీ చూస్తే తల తిరుగుతుంది.

దుకాణం కట్టేసే ముందు మునీమ్ చేసే పని ఒకటుంది, రోకడ్ కలపడం. పొద్దున నిల్వ, దానికి రాబడి కలిపి, ఖర్చు తీసేస్తే వచ్చే అంకె, గల్లాపెట్టెలో లెక్కపెట్టిన డబ్బు ఒకటి కావాలి. పది రూపాయలు తేడా వస్తే దొరికేదాకా కూర్చోవలసిందే. నాది ఈసీఈ బ్రాంచి. మాకు డేటా పంపేటప్పుడు చివర ఒక పారిటీ బిట్ కలపడం నేర్పారు. అవతల లెక్క కలవకపోతే దారిలో ఎక్కడో తప్పు జరిగిందని తెలిసిపోతుంది. రెండు రాతల పద్ధతి, అంటే డబుల్ ఎంట్రీ, నాకు అలా అర్థమైంది. వంద కిలోల మిర్చి అప్పు మీద కొంటే సరుకు పెరిగిందని ఒకచోట, బాకీ పెరిగిందని ఇంకోచోట రాస్తావు. రెండు వైపుల మొత్తాలు కలవకపోతే ఎక్కడో తప్పుందని పుస్తకమే చెబుతుంది. అయితే పారిటీ బిట్‌కున్న లోపమే దీనికీ ఉంది. రెండు వైపులా ఒకే తప్పు రాస్తే పుస్తకం నోరెత్తదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. డబుల్ ఎంట్రీ భారతదేశంలోనే పుట్టిందని కొందరు వ్యాసాల్లో గట్టిగా రాస్తారు. ఆ వాదన వెనక 1986లో లాల్ నిగమ్ అనే పండితుడు 'అబాకస్' పత్రికలో రాసిన వ్యాసం ఉంది: వెనిస్‌లో 1494లో లూకా పచోలీ పుస్తకం అచ్చు కావడానికి ఎంతో ముందే బహీ ఖాతా పద్ధతి ఉందని. మరుసటి ఏడాదే అదే పత్రికలో క్రిస్టోఫర్ నోబ్స్ జవాబిచ్చాడు: అంత పాత కాలపు లెక్కల పుస్తకం ఏదీ ముందు పెట్టలేదు కదా, రుజువేదీ అని. నాకు నోబ్స్ మాటే సబబుగా తోస్తుంది. ఇటలీలో 1299-1300 నాటి ఫరోల్ఫీ కంపెనీ లెడ్జరు మిగిలి ఉంది, చూపించగలుగుతున్నారు. మన బహీలను మునీములు కాపాడారు, చెదపురుగులు కాపాడలేదు. కాబట్టి మెయిన్స్‌లో "వాదన ఉంది, ఆధారం చాలదు" అని రాయండి. గర్వంతో రాసిన వాక్యానికి మార్కులు రావు.

అర్థశాస్త్రాన్ని కూడా జాగ్రత్తగా వాడండి. అక్షపటలం, ఆషాఢంలో లెక్కలు అప్పజెప్పడం, సొమ్ము కాజేసే 40 మార్గాలు, ఇవన్నీ అద్భుతంగా ఉంటాయి. కానీ అది రాజు ఖజానా లెక్క. మిర్చి కొట్టు లెక్క కాదు. మన వైపు కరణాల దండకవిలెలు కూడా అలాంటివే, ఊరి భూమి, శిస్తు వివరాలు. దుకాణం లెక్కలకు దగ్గరగా వచ్చేది కడితం: బట్టకు చింతగింజల పిండి, బొగ్గుపొడి పట్టించి నల్లగా చేసి, బలపంతో తెల్లగా రాసి, మడతలు పెట్టుకునే పుస్తకం. తడిబట్టతో తుడిచి మళ్లీ రాసుకోవచ్చు. తుడిస్తే పోయే పుస్తకాన్ని నమ్మి అప్పులిచ్చారంటే, వాళ్లు నమ్మింది పుస్తకాన్నా, రాసినవాణ్ణా? ఈ ప్రశ్న దగ్గరే అసలు విషయం మొదలవుతుంది.

ఉత్తరాది మునీములు రాసింది దేవనాగరిలో కాదు, ఎక్కువగా మహాజనీ, ముడియా అనే లిపుల్లో. చకచకా రాయడానికి పుట్టిన లిపులు. అచ్చులు, గుణింతాలు చాలావరకు ఎగరగొట్టేస్తారు. దీని మీద ఉత్తరాదిలో అందరికీ తెలిసిన ఒక హాస్యం ఉంది. ఊరి నుంచి ఉత్తరం వచ్చింది: "కాకాజీ అజ్మేర్ గయే", అంటే చిన్నాన్న అజ్మీర్ వెళ్లాడని. గుణింతాలు లేకపోవడంతో ఇంట్లోవాళ్లు "కాకాజీ ఆజ్ మర్ గయే" అని చదువుకుని ఏడుపులు మొదలుపెట్టారట. నవ్వులాటే కానీ దాని వెనక సంగతి చూడండి. ఆ లిపి తెలియనివాడికి పుస్తకం చేతికిచ్చినా ప్రయోజనం లేదు. పోటీ వ్యాపారికి తెలియదు, పన్నుల అధికారికి తెలియదు, ఒక్కోసారి కాలేజీ చదువు చదివిన యజమాని కొడుక్కీ తెలియదు. మునీమ్‌కు నెలజీతం తక్కువే కావచ్చు. కొట్టు గుట్టంతా ఆయన చేతిలో. ఈ లిపి 2014లో యూనికోడ్‌లోకి ఎక్కింది. అప్పటికి దాన్ని చదవగలిగినవాళ్లు ముసలివాళ్లయిపోయారు.

లెక్క రాసేవాడి విలువ తెలిసిన పెద్దమనిషి పేరు ఒకటి చెప్తాను, ఎథిక్స్ పేపరుకు కూడా వస్తుంది. 1893లో దక్షిణాఫ్రికాలో దిగిన గాంధీకి అప్పగించిన పని దాదా అబ్దుల్లా దావా, 40,000 పౌండ్లది. అవతలి పక్షం ఆయన బంధువే, తయ్యబ్ సేఠ్. కేసు మొత్తం లెక్కల పుస్తకాల మీద ఉంది. బారిస్టరు చదివి వచ్చిన గాంధీకి జమ ఏదో నామ ఏదో తెలియదు. గుమాస్తా "పీ నోట్" అంటుంటే అదేమిటో అర్థం కాలేదు. చివరికి అడిగితే ప్రామిసరీ నోటు అని తెలిసింది. అప్పుడు ఒక బుక్ కీపింగ్ పుస్తకం కొని కూర్చుని చదివానని ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. కేసు చివరికి మధ్యవర్తి దగ్గరకు వెళ్లింది. తయ్యబ్ సేఠ్ 37,000 పౌండ్లు, ఖర్చులు ఇవ్వాలని తేలింది. ఒక్కసారిగా కడితే ఆయన దివాలా తీస్తాడని వాయిదాలకు ఒప్పించింది గాంధీ. ఈ కథను మనం రాజీకి ఉదాహరణగా చదువుతాం. నాకు కనిపించేది ఇంకోటి. పుస్తకాలు సరిగా ఉన్నాయి కాబట్టే మధ్యవర్తి ఒక అంకె చెప్పగలిగాడు, ఓడినవాడు ఆ అంకెను ఒప్పుకోగలిగాడు. నెటాల్ ఇండియన్ కాంగ్రెస్‌ చందాలకు పైసాతో సహా రసీదులు ఉండాలని గాంధీ పట్టుబట్టడం ఈ పాఠం తర్వాతే.

ఇక రాజ్యం కొట్లోకి ఎలా వచ్చిందో చూద్దాం. 1857 తిరుగుబాటు ఖర్చులు పూడ్చుకోవడానికి 1860లో జేమ్స్ విల్సన్ ఆదాయపు పన్ను తెచ్చాడు. 1886లో అది స్థిరపడింది. ఈ మధ్యలో, 1872 సాక్ష్య చట్టం 34వ సెక్షన్ వ్యాపారి పుస్తకానికి కోర్టులో స్థానమిచ్చింది. వ్యాపార క్రమంలో నియమంగా రాసిన పద్దు సాక్ష్యానికి పనికొస్తుంది, కానీ ఆ ఒక్కదాని ఆధారంగా ఎవరి మీదా బాకీ రుద్దకూడదు. చాలా తెలివైన వాక్యం. నీ పుస్తకంలో నువ్వు ఏమైనా రాసుకోగలవు కదా.

ఈ పాత సెక్షన్ ఢిల్లీలో ఎంత పెద్ద దుమారంలో తేలిందో మీకు గుర్తుండే ఉంటుంది. 1991లో సీబీఐ సోదాల్లో దొరికిన జైన్ డైరీల కేసు. పొడి అక్షరాలు, పక్కన అంకెలు. 1998లో సీబీఐ వర్సెస్ వి.సి. శుక్లా తీర్పులో సుప్రీంకోర్టు రెండు మెట్లుగా చెప్పింది. విడి కాగితాలు లెక్కల పుస్తకం కావు. కట్టు ఉన్న నోటుపుస్తకాలు పుస్తకాలే అయినా, వాటికి విడిగా ఇంకో సాక్ష్యం తోడు కావాలి. పెద్ద పెద్ద నాయకుల మీద అభియోగాలు నిలవలేదు. ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో ఇది 28వ సెక్షన్. నంబరు మారింది కాబట్టి ప్రిలిమ్స్ వాళ్లు గుర్తుపెట్టుకోండి.

తర్వాతి మలుపులు వేగంగా చెప్తాను. 1949 జూలై 1న చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం అమల్లోకి వచ్చింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన ఐటీవో దగ్గరే. పెద్ద లెక్కల మీద సంతకం చేసే హక్కు సీఏది అయింది, రోజూ రాసే పని గుమాస్తాకు మిగిలింది. 1984లో పన్ను ఆడిట్ వచ్చింది. 1989-90 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అందరి లెక్కల ఏడూ ఏప్రిల్ నుంచి మార్చి దాకానే అని చట్టం తేల్చింది. అంతకుముందు వ్యాపారి తన సంవత్సరం తానే ఎంచుకునేవాడు, దీపావళి నుంచి దీపావళికి. ఇప్పటికీ పండగ ముందు నయీ సడక్, చావ్‌డీ బజార్ కాగితం కొట్లలో ఎర్ర బహీలు కొంటారు, "శుభ్ లాభ్" రాసి పూజ చేస్తారు. ఆ తర్వాత వాటిని ఏం చేస్తారని ఒక కొట్లో అడిగితే "అల్మారాలో పెడతాం" అన్నారు.

1986లో బెంగళూరులో శ్యామ్‌సుందర్ గోయెంకా, కొడుకు భరత్ గోయెంకా మొదలుపెట్టిన సాఫ్ట్‌వేరే తర్వాత టాలీ అయింది. మిల్లులకు సరుకులు, విడిభాగాలు సరఫరా చేసే తండ్రికి తన లెక్కలకు సరిపోయేది బజారులో దొరకకపోతే కొడుకు రాశాడు. అంటే అది పుట్టింది కొట్లోనే. లెక్కలు కూడే కష్టం పోయింది. మునీమ్ పోతాడని అందరూ అన్నారు. ఏ పద్దు ఏ ఖాతాలో పడాలో నిర్ణయించే పని మాత్రం టాలీ చేయదు. తప్పు ఖాతాలో వేసినా అందంగా కూడి చూపిస్తుంది.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఆ నిర్ణయం ఖరీదు పెరిగింది. సరుకు కొన్నప్పుడు నువ్వు కట్టిన పన్ను నీకు తిరిగి జమ కావాలంటే, అమ్మినవాడు తన రిటర్నులో నీ బిల్లు చూపించాలి, ఆ పన్ను ప్రభుత్వానికి కట్టాలి. వాడు ఎగ్గొడితే? వ్యాట్ రోజుల్లో ఢిల్లీ చట్టం కొన్నవాడి జమనే కోసేసేది. 2017 అక్టోబరులో ఆన్ క్వెస్ట్ మర్చండైజింగ్ కేసులో ఢిల్లీ హైకోర్టు, నిజాయితీగా కొన్నవాణ్ణి అమ్మినవాడి తప్పుకు శిక్షించలేమని చెప్పింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. కానీ జీఎస్టీ చట్టం 16వ సెక్షన్‌లో అదే షరతు మళ్లీ వచ్చి కూర్చుంది. చిన్న వ్యాపారి ప్రతిసారీ హైకోర్టుకు వెళ్లలేడు. కాబట్టి గుమాస్తా నెలనెలా 14న వచ్చే 2బీ పట్టికతో కొన్న బిల్లులు ఒక్కొక్కటే సరిచూసి, ఎక్కనివాడికి ఫోన్ చేసి, "మా బిల్లు ఎక్కించండి, లేకపోతే ఆ పన్ను మేం జేబులోంచి కట్టుకోవాలి" అని వెంటపడతాడు. ఇంకో పని కూడా చేరింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే ఆ ఖర్చును ఆ ఏడు చూపించుకోలేరని 43బీ సెక్షన్‌లో నిబంధన తెచ్చారు. బిల్లు తేదీ, సరుకు అందిన తేదీ రాసి ఉంచనివాడికి ఆ చట్టం ఉన్నా లేనట్టే.

చిన్నవాళ్లకు ఇదంతా అక్కర్లేదు, అంచనా లాభం మీద పన్ను కట్టే దారి ఉంది కదా అని మీలో ఎవరో అంటారు. నిజమే. టర్నోవరులో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానిలో 6 శాతం లాభమని చూపించి పన్ను కట్టేస్తే పుస్తకాలు పెట్టనక్కర్లేదని ఆ వెసులుబాటు. నేనూ ఇదే మాట మా మెస్ అన్నకు చెప్పాను. అక్కడే నా తెలివి బయటపడింది.

ఓల్డ్ రాజిందర్ నగర్‌లో మేం భోంచేసే తెలుగు మెస్ అది. అన్నకు ఒక నోటుపుస్తకం, ఒక డ్రాయరు. పిల్లలు మూడు నెలల డబ్బు ముందే కడితే రాయితీ ఇస్తాడు. మేలో పక్క గది కూడా అద్దెకు తీసుకుందామని ఒక బ్యాంకుకు అప్పుకు వెళ్తే లెక్కలు తెమ్మన్నారు. "నువ్వు ఇంజినీరువి కదా తమ్ముడూ, కాస్త చూడు" అని పుస్తకం నా చేతిలో పెట్టాడు. మూడు రాత్రులు ఎక్సెల్‌లో కొట్టాను. రాబడి, ఖర్చు, కిందికొచ్చేసరికి లాభం బ్రహ్మాండం. డ్రాయరులోనూ 1,80,000 ఉన్నాయి. ఇద్దరం సంతోషించాం.

కరోల్ బాగ్‌లో నాలుగైదు కొట్లకు వంతులవారీగా లెక్కలు రాసే ఒక మునీంజీని అన్న ఎందుకైనా మంచిదని పిలిచాడు. ఆయన నా షీటు చూడలేదు. మూడు ప్రశ్నలు అడిగాడు. ఈ డబ్బులో ఇంకా పెట్టని భోజనాలవి ఎన్ని? కిరాణా కొట్టుకు, గ్యాసుకు ఇవ్వాల్సింది ఎంత? ఇంటికి తీసుకెళ్లింది ఎక్కడ రాశావు? మొదటి ప్రశ్నకు జవాబు లెక్కేసేసరికి 1,10,000 తేలింది. రెండోదానికి 52,000. మూడోదానికి అన్న నవ్వి ఊరుకున్నాడు. మిగిలింది 18,000.

నేను మొత్తాన్నీ రాబడిలో వేశాను. పెట్టని భోజనం రాబడి కాదు, పిల్లల దగ్గర తీసుకున్న అప్పు. ఆ మాట జీఎస్-3 నోట్సులో నా చేత్తో నేనే రాసుకుని ఉన్నాను, లయబిలిటీ అని, కింద గీత గీసి మరీ.

ఆ మధ్యాహ్నమే మునీంజీ కొత్త పుస్తకం తెప్పించి, పైన "శ్రీ" రాసి, నగదు నిల్వ 1,80,000 అని ఒకవైపు వేసి, రెండోవైపు పిల్లల పేర్లు ఒక్కొక్కటీ అడిగి, ఎవరికి ఎన్ని రోజుల భోజనం బాకీ ఉందో రాయించాడు. అన్నకు నచ్చలేదు. "డబ్బు నా డ్రాయరులో ఉంటే వాళ్ల పేర్లెందుకు రాయాలి?" అని నాతో తెలుగులో విసుక్కున్నాడు. మునీంజీకి తెలుగు రాదు, కానీ అర్థమైనట్టే ఉంది, తలెత్తకుండా తర్వాతి పేరు అడిగాడు. పక్క గదికి అడ్వాన్సు ఇవ్వడం ఆగిపోయింది.

జూన్‌లో ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చాయి. ఆ వారం పద్నాలుగు మంది గదులు ఖాళీ చేశారు. అన్న పుస్తకం తెరిచి, ఒక్కొక్కరి పేరు దగ్గర వేలు పెట్టి, మిగిలిన రోజులకు డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు.